బాత్రూమ్ మనమే బాగు చేసుకోవచ్చా? నేను స్కిప్ చేసిన ఒక్క టెస్ట్ గురించి వినండి

కీబోర్డ్ పట్టిన చేత్తో తాపీ పడితే ఏమవుతుందో ఇవాళ చెప్తాను.

పోయిన ఏడాది రాజమండ్రిలో మా మేడ మీద బాత్రూమ్‌లో అమ్మ జారిపడింది. మణికట్టు విరిగింది. టైల్స్ నున్నగా అరిగిపోయాయి, నీళ్లేమో డ్రెయిన్ వైపు పోకుండా మూలన నిలిచేవి. కింద నానమ్మ గది స్లాబ్‌కి చెమ్మ కూడా దిగింది. "మేస్త్రీని పిలుద్దాం రా" అన్నారు నాన్న. నేనే చేస్తానన్నాను.

మొదట పగలగొట్టడం. నీళ్ల వాల్వ్ కట్టేయండి, బాత్రూమ్ కరెంట్ ఆపేయండి, కళ్లద్దాలు పెట్టుకోండి. డ్రెయిన్ నోట్లో గుడ్డ కుక్కండి. లేదంటే ముక్కలు పైపులోకి పోయి అక్కడ ఇంకో పని మొదలవుతుంది.

తర్వాత వాటర్‌ప్రూఫింగ్. చాలామంది నీళ్లని ఆపేది టైల్ అనుకుంటారు. కాదు. టైల్ జాయింట్లలోంచి కొంచెం కొంచెంగా నీళ్లు దిగుతూనే ఉంటాయి. ఆపాల్సింది కింద వేసే పూత. సిమెంట్, పాలిమర్ కలిపిన పూత రెండు కోట్లు వేయాలి. మొదటిది అడ్డంగా వేస్తే, అది ఆరాక రెండోది నిలువుగా. గోడల మీదికి కనీసం ఒక అడుగు ఎత్తు, షవర్ దగ్గర ఆరడుగులు. గోడ, నేల కలిసే మూలల్లో, డ్రెయిన్ చుట్టూ మెష్ టేప్ పెట్టాలి. ఎక్కువగా లీకయ్యేది అక్కడే.

పూత ఆరాక డ్రెయిన్ మూసి, రెండంగుళాల నీళ్లు నింపి, గోడ మీద గీత గీసి, కనీసం 24 గంటలు వదిలేయాలి. నీళ్లు గీత కిందికి బాగా దిగినా, కింద స్లాబ్ తడిసినా లీకు ఉన్నట్టే. దీన్నే పాండింగ్ టెస్ట్ అంటారు.

నేను అదే స్కిప్ చేశాను. అమ్మ కట్టు విప్పేలోపు అయిపోవాలని తొందర. టెస్టింగ్ లేకుండా రిలీజ్ చేయకూడదని ఆఫీసులో అందరికీ చెప్పినవాడినే! రెండు వారాలకి నానమ్మ పిలిచింది: "ఒరేయ్, నా మంచం మీద చుక్క పడిందిరా." అప్పుడు మేస్త్రీ వచ్చారు. డ్రెయిన్ చుట్టూ నేను వేసిన కొత్త టైల్స్ ఆరు తీయాల్సి వచ్చింది. కింద పూతలో వెంట్రుక మందాన సందు. ఆయన నవ్వలేదు గానీ, నాన్న నవ్వారు.

ఈసారి టెస్ట్ చేశాకే టైల్స్. వాలు డ్రెయిన్ వైపు మీటరుకి ఒకటి నుంచి ఒకటిన్నర సెంటీమీటర్లు ఉండాలి. నేలకి మ్యాట్ ఫినిష్, అడుగు సైజు టైల్స్ తీసుకోండి. పెద్ద టైల్స్ వాలుకి సరిగ్గా కుదరవు. ఆరాక వేలితో కొట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే కింద గమ్ అందలేదని అర్థం.

ఒక్క పని మాత్రం మీరు ముట్టుకోవద్దు: కరెంట్. గీజర్‌కి 16 ఆంప్స్ సాకెట్, ఎర్తింగ్, 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ, ఇవన్నీ ఎలక్ట్రీషియన్‌తోనే పెట్టించండి. పూత తప్పైతే స్లాబ్ తడుస్తుంది, వైరింగ్ తప్పైతే ప్రాణం పోతుంది.

ఇప్పుడు గోడకి పట్టుకునే రాడ్ కూడా ఉంది. అమ్మ మాత్రం ఇంకా లోపలికి వెళ్లేముందు కాలితో నేలని ఒకసారి తడిమి చూసుకుంటుంది. ఆ భయం పోవడానికి ఇంకొంత టైమ్ పడుతుంది. అందుకే చెప్తున్నా, మీ ఇంట్లో ఎవరైనా పడేదాకా ఆగకండి.