అప్పుతో విదేశీ చదువు: అబ్బో అనిపించే విశేషాలు!

ఏలూరు నుంచి కొల్లేటి లంకల దాకా, తాడేపల్లిగూడెం నుంచి ఆకివీడు దాకా ‘మావాడు ఎంఎస్‌కి వెళ్లాడండి’ అన్న మాట వినపడని వీధి లేదు. దాని వెనకే వచ్చే మాట ‘లోను పెట్టామండి’! ఆ లోను చుట్టూ ఎన్ని వింతలున్నాయో చూద్దామా? కాచుకోండి మరి!

మీకు తెలుసా? భీమడోలు పక్కన ఉన్న గుండుగొలను ఒక బ్యాంకు వ్యవస్థాపకుణ్ణి కన్న ఊరు! అక్కడ పుట్టిన భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. ఇప్పుడు అమెరికా వెళ్లే విద్యార్థికి వివరాల నమోదుకు కట్టే సెవిస్ రుసుము 350 డాలర్లు, వీసా దరఖాస్తుకు 185 డాలర్లు. డాలరు 90 రూపాయల లెక్కన 48,150 రూపాయలు. బ్యాంకు పుట్టిన డబ్బులో దాదాపు సగం, విమానం ఎక్కకముందే హుష్!

బోస్టన్ చదువుకు రంగూన్ డబ్బు! మీకు తెలుసా? భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1920ల మొదట్లో హార్వర్డ్‌కి వెళ్లింది మామగారి సాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ అండతో. ఆ నాయకర్ బర్మాలో సంపాదించిన దాత. అక్కడికెళ్లాక సుబ్బారావు పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రి పోర్టరుగా పనిచేశారు. ఆ చేతులే తర్వాత ప్రాణాలు నిలిపే మందులకు బాట వేశాయి. ఇంతకన్నా గొప్ప రాబడి ఏ అప్పుకు వచ్చిందో చెప్పండి!

మామగారి సాయం ఇప్పుడూ చెల్లుతుంది, మీకు తెలుసా? భారత బ్యాంకుల సంఘం, అంటే ఐబీఏ, నమూనా విద్యా రుణ పథకం ప్రకారం పెళ్లైన విద్యార్థికి జీవిత భాగస్వామి గానీ, అత్తమామలు గానీ సహ రుణగ్రహీతగా సంతకం పెట్టొచ్చు. అల్లుడికి పండగ బట్టలే కాదు, పూచీ కూడా!

ఏలూరు సర్ సీఆర్ఆర్ కళాశాల 1945లో మొదలైంది. ఆ పేరులోని కట్టమంచి రామలింగారెడ్డి 1902లో కేంబ్రిడ్జి వెళ్లింది ఎవరి డబ్బుతో, మీకు తెలుసా? ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో! వడ్డీ సున్నా, వాయిదా సున్నా. ఇదీ అదృష్టమంటే!

మన జిల్లాల్లో అందరికన్నా పేరు మోసిన విదేశీ విద్యార్థి అసలు మనిషే కాదు, మీకు తెలుసా? మొగల్తూరు బారిస్టర్ పార్వతీశం! ఆయన్ని సృష్టించిన మొక్కపాటి నరసింహశాస్త్రి మాత్రం నిజంగానే ఎడింబరోలో వ్యవసాయశాస్త్రం చదివారు. ఈ రోజుల్లో అయితే పార్వతీశాన్ని ముందు బ్యాంకు స్టేట్‌మెంటు తెమ్మనేవారు. నవల మొదటి పేజీలోనే ఆగిపోయేది!

జేబులో ఎనిమిది డాలర్లు! 1960లలో చదువుకని అమెరికా వెళ్లిన ఎంతోమందికి మన దేశం నుంచి చేతపట్టుకెళ్లడానికి దక్కిన విదేశీ మారకం అంతే. మరి ఇప్పుడు రిజర్వు బ్యాంకు ఏడాదికి ఒక్కొక్కరికి ఎంత పంపుకోనిస్తుందో మీకు తెలుసా? రెండున్నర లక్షల డాలర్లు! అనుమతి కొండంత పెరిగింది, పంపడానికి డబ్బుండడమే తరువాయి!

కొల్లేటి గట్టున పదెకరాల వరి పొలం ఉన్నా బ్యాంకు మేనేజరు ‘ఊళ్లో డాబా ఉందా?’ అని ఎందుకు అడుగుతాడో మీకు తెలుసా? బకాయి పడితే కోర్టుకు వెళ్లకుండా తాకట్టును స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. అందుకే బంగారం పండే పొలం కన్నా ఇరుకు సందులో ఇల్లే బ్యాంకుకు ముద్దు!

ఐబీఏ పథకంలో తాకట్టుకు గీత ఎక్కడ గీశారో మీకు తెలుసా? 7.5 లక్షల దగ్గర. అది దాటితే ఆస్తి చూపాలి. నాలుగు లక్షలు దాటిన అప్పు అయితే విదేశీ చదువు ఖర్చులో 15 శాతం మన వాటా, బ్యాంకు భాషలో మార్జిన్. 30 లక్షలకు నాలుగున్నర లక్షలు. స్కాలర్‌షిప్ వస్తే దాన్నీ ఈ వాటాలో కలుపుకోవచ్చు. మార్కులే మార్జిన్!

మీరు నిద్రపోయినా వడ్డీ నిద్రపోదు, మీకు తెలుసా? 30 లక్షలకు పది శాతం చొప్పున రోజుకు 822 రూపాయలు. ఎనిమిది గంటలు పడుకుని లేచేసరికి 274 రూపాయలు! చదువు పూర్తయ్యాక ఏడాది దాకా వాయిదా కట్టక్కర్లేదంటారు. నిజమే, కానీ వడ్డీ మీటరు మాత్రం మొదటి విడత విడుదలైన రోజే తిరగడం మొదలెడుతుంది!

చదువుతుండగానే ఆ వడ్డీ కట్టేస్తే ఒక శాతం తగ్గించే వెసులుబాటు ఐబీఏ పథకంలో ఉంది. మీకు తెలుసా? దరఖాస్తు రోజే దీని గురించి అడగండి. అడగనిదే అమ్మయినా పెట్టదు, బ్యాంకు పెడుతుందా!

ఆడపిల్ల చదువుకు అప్పు చౌక, మీకు తెలుసా? చాలా ప్రభుత్వ బ్యాంకులు అమ్మాయిలకు వడ్డీలో అర శాతం తగ్గిస్తాయి. 30 లక్షల మీద ఏడాదికి 15 వేలు మిగులు. మహాలక్ష్మి అని ఊరికే అన్నారా!

తక్కువ ఈఎంఐ ఎక్కువ ఖర్చు, మీకు తెలుసా? 30 లక్షలకు పది శాతం వడ్డీతో పదేళ్లకైతే నెలకు 39,645. పదిహేనేళ్లకైతే 32,238. నెలకు 7,407 తగ్గిందని సంబరపడ్డారా? మొత్తం మీద పదిన్నర లక్షలకు దగ్గరగా అదనం! ఆ డబ్బుతో ఇంకో సెమిస్టరు చదవొచ్చేమో!

ఆదాయపు పన్నులో పరిమితే లేని మినహాయింపు ఒకటుంది, మీకు తెలుసా? పాత పన్ను విధానంలో ఉన్నవారు చదువు అప్పుపై కట్టిన వడ్డీ మొత్తాన్నీ ఎనిమిదేళ్ల పాటు చూపొచ్చు. చదివింది తమ్ముడై, కట్టేది అన్నయ్యైతే మాత్రం దక్కదు. అన్నయ్యకు పుణ్యమే మిగులు!

బ్యాంకు లోనుతో ఫీజు పంపితే ఏడు లక్షలు దాటిన దానిపై ఇదివరకు అర శాతం టీసీఎస్ అనే ముందస్తు పన్ను పట్టుకునేవారు. 2025 ఏప్రిల్ 1 నుంచి అదెంతో మీకు తెలుసా? గుండు సున్నా! సున్నా చూసి ఇంత ఆనందం పరీక్షల్లో ఎప్పుడైనా కలిగిందా?

పీఎం విద్యాలక్ష్మి పథకం అమెరికాకు పనికిరాదు, తాడేపల్లిగూడెం నిట్‌కు పనికొస్తుంది, మీకు తెలుసా? 2024 నవంబరులో ఆమోదం పొందిన ఈ పథకంలో ఎంపికైన దేశీ సంస్థల్లో సీటొస్తే తాకట్టూ, పూచీకత్తూ అక్కర్లేదు. గూడెం గెలిచింది!

జర్మనీలో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు లేదు. అయినా వెళ్లేముందు ఎంత చూపాలో మీకు తెలుసా? ఏడాది ఖర్చుకు 11,904 యూరోలు ప్రత్యేక ఖాతాలో వేయాలి. మీ డబ్బే, మీకే, నెలకు 992 చొప్పున ఇస్తారు. నాన్న కన్నా గట్టి పొదుపు!

కెనడాలో చదువుకు చూపాల్సిన ఖర్చుల డబ్బు 10,000 కెనడా డాలర్ల నుంచి 2024 జనవరి 1న ఎక్కడికి ఎగిరిందో మీకు తెలుసా? 20,635కి! రాత్రికి రాత్రి రెట్టింపు! ఆ డిసెంబరు 31న ఎంతమంది ఊపిరి బిగబట్టారో!

ఒక చదువు, రెండు ధరలు! 2011 మధ్యలో డాలరు సుమారు 45 రూపాయలు. 40 వేల డాలర్ల చదువు 18 లక్షలు. 90 రూపాయల లెక్కన అదే చదువు ఎంతో మీకు తెలుసా? 36 లక్షలు! పుస్తకం లావు పెరగలేదు, ధర మాత్రం రెట్టింపు!

అలా పడిపోయే రూపాయే తిరిగి కట్టేటప్పుడు కలిసొస్తుంది, మీకు తెలుసా? 36 లక్షల అసలు డాలరుకు 90 అయితే 40 వేల డాలర్లు, 100 అయితే 36 వేలే! జీతం డాలర్లలో వస్తేనే సుమా. ఉద్యోగం ఊళ్లో దొరికితే ఈ గారడీ పనిచేయదు!

2024-25లో అమెరికాలో భారతీయ విద్యార్థులు ఎందరో మీకు తెలుసా? 3,63,019! 2011 లెక్కల్లో ఏలూరు నగర జనాభా రెండు లక్షల పైచిలుకు. ఊరు ఊరంతా విమానం ఎక్కినా ఆ సంఖ్యకు చాలం!

ఇక ఆఖరి కితకిత. మీకు తెలుసా? ఫ్లోటింగ్ వడ్డీతో వ్యక్తులు తీసుకున్న టర్మ్ లోనును ముందే తీర్చేస్తే బ్యాంకు జరిమానా వేయకూడదని రిజర్వు బ్యాంకు 2014లోనే చెప్పింది. పదిహేనేళ్ల ఈఎంఐకి నెలనెలా ఆ 7,407 చేర్చి కట్టండి, పదేళ్లకే ఖాతా మూత! మిగిలే పదిన్నర లక్షలు దాచుకోండి. విడిపించిన ఇంటి దస్తావేజులు మాత్రం నేరుగా అమ్మానాన్నల చేతిలో పెట్టండి. డిగ్రీ మీదే, పూచీ మాత్రం వాళ్లది కదా!