వృద్ధుల హక్కులకు భాష అడ్డుకారాదు
పోషణ చట్టంపై తిరువూరు డివిజన్‌లో అవగాహన ఆవశ్యకత

వినగడప (తిరువూరు): వృద్ధాప్యంలో పోషణ, ఆస్తి రక్షణ చట్టం కల్పించిన హక్కులు. అవి వృద్ధులకు అర్థమయ్యే భాషలో చేరినప్పుడే సార్థకమవుతాయి.

ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం మండలంలోని వినగడప, లంబాడా తండాలు గల ఎ.కొండూరు మండలం 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన తిరువూరు రెవెన్యూ డివిజన్‌ పరిధిలోకి వస్తాయి. తండాలలో వృద్ధుల ఇంటి భాష లంబాడీ. దానికి సొంత లిపి లేదు. ముస్లిం కుటుంబాలలో ఉర్దూ వాడుకలో ఉంది. దస్తావేజులు మాత్రం సాధారణంగా తెలుగులో ఉంటాయి.

చట్టం ఏమంటోంది?

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం-2007 ప్రకారం, తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రులు, 60 ఏళ్లు నిండిన వృద్ధులు ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. రెవెన్యూ డివిజనల్‌ అధికారి దీనికి అధ్యక్షత వహిస్తారు. స్వయంగా దరఖాస్తు చేయలేని వారి తరఫున వారు అధికారమిచ్చిన వ్యక్తి లేదా సంస్థ దరఖాస్తు చేయవచ్చు. ట్రిబ్యునల్‌ తనంతట తానుగా కూడా విచారణ చేపట్టవచ్చు. మధ్యంతర భృతి దరఖాస్తును నోటీసు అందిన 90 రోజులలో పరిష్కరించాలి. ఉత్తర్వు ప్రతిని వృద్ధులకు ఉచితంగా ఇవ్వాలి. ఉత్తర్వుపై 60 రోజులలో అప్పీలు చేసుకోవచ్చు.

వేలిముద్రకు ముందే వివరణ

కనీస వసతులు కల్పించాలన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని పొందినవారు ఆ బాధ్యత విస్మరిస్తే, 23వ సెక్షన్‌ కింద ఆ బదిలీని రద్దు చేయించుకోవచ్చు. అయితే అటువంటి షరతు ఉన్నట్లు నిరూపించాలని సుదేశ్‌ ఛికారా కేసులో 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు పేర్కొంది. షరతు లేని దానపత్రంపై విషయం తెలియక వేలిముద్ర వేసిన వృద్ధులకు భూమిని తిరిగి పొందడం కష్టమవుతుంది. కనుక రిజిస్ట్రేషన్‌కు ముందే పత్రంలోని ప్రతి అంశాన్ని వారి భాషలో చదివి వినిపించడం అవసరం. ఆస్తి పొందబోయే వ్యక్తినే దుబాసీగా ఉంచరాదు.

ఇతర సదుపాయాలు

షెడ్యూల్డు తెగల వారికి, మహిళలకు న్యాయసేవల అధికార సంస్థల చట్టం-1987 కింద ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. వృద్ధుల కోసం 14567 టోల్‌ఫ్రీ నంబరు పనిచేస్తోంది. రాష్ట్రంలో ఉర్దూను రెండవ అధికార భాషగా గుర్తిస్తూ 2022లో చట్ట సవరణ జరిగింది. 2025 నవంబరు 1న అమలులోకి వచ్చిన ఆస్ట్రేలియా వృద్ధుల సంరక్షణ చట్టం, కోరుకున్న భాషలో సంభాషించడాన్ని వృద్ధుల హక్కుగా పేర్కొంది.

లంబాడీ, ఉర్దూ తెలిసిన సచివాలయ సిబ్బంది, అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తల సహకారంతో ఈ వివరాలను తండాలలో, గ్రామసభలలో మౌఖికంగా తెలియజేస్తే చట్టం ఫలితం చిట్టచివరి గడపకూ చేరుతుంది.