పలనాట శ్రీనాథుడు

శీతకాలమున నాలుగు దినములు వెచ్చని యెండలో గడపి రావలెనని సముద్రములు దాటి పోవువారు నేడు తెలుగువారిలోను కలరు. అక్కడ తిండి సయింపక, నీరు పడక, అనుకొన్న వేడుక ఒక్కటియు జరుగక తిరిగివచ్చి, ఆ అవస్థలను చమత్కారముగా చెప్పి ఇరుగుపొరుగులను నవ్వించువారును కలరు. ఈ విద్యలో తెలుగువారికి ఒజ్జ శ్రీనాథుడు.

ఆయన చేసిన విదేశయాత్ర విజయనగరమునకు. నేటి లెక్కకు అది పొరుగు రాష్ట్రమే. కాని 15వ శతాబ్దిలో, కొండవీట పెదకోమటి వేమారెడ్డి కొలువున విద్యాధికారిగా మెలగినవానికి అది వేరు రాజ్యము, వేరు భాష, వేరు వంట. తలకు కుల్లాయి, ఒంటికి నిలువుటంగీ తగిలించుకొని, వెల్లుల్లి మెసవి, అంబలి త్రాగి, రాజదర్శనమునకై కాచుకొన్న బాధను ఒక చాటువులో ఆ రాజ్యపు లక్ష్మీదేవికే మొరపెట్టుకొన్నాడు. ఆ యాత్ర చివరకు కలిసివచ్చినది. ప్రౌఢదేవరాయల సభలో డిండిమభట్టును ఓడించి, ఆతని కంచుఢక్కను పగులగొట్టించి, కనకాభిషేకము పొందినాడు. అంబలి మాట అంతటితో మరుగున పడినది.

పలనాటి యాత్రకు అట్టి ముగింపు లేదు. కాలిక్రింద రాయి, కంచములో జొన్న, దారిలో తేలు. ఇవి తప్ప ఆ సీమలో ఆయనకు కనబడినది లేదు. అప్సరస దిగివచ్చినను ఇచ్చట నూలు వడకవలసినదే, భూపతియైనను నాగలి పట్టవలసినదే యని మరియొక పద్యమున వెక్కిరించినాడు. ఈ చాటువులు ఆయనవే యనుటకు శాసనాధారములు లేవు. జనుల నోళ్ల నుండి వేటూరి ప్రభాకరశాస్త్రి వంటివారు ఏరి కూర్చినవి. అయినను చెప్పినవాడు ఎవడైనను, కంటితో చూచి చెప్పినాడని పలనాడు ఎరిగినవారు ఒప్పుకొనక తప్పదు.

మాచెర్లలోనో గురజాలలోనో ఉపాధ్యాయుడు ఈ పద్యములు చదివినపుడు పిల్లలు నవ్వుదురు. ఆ నవ్వులో కొంచెము చిన్నబుచ్చుకొనుటయు కలదు: తమ సీమను గూర్చి అంతటి కవి చెప్పినది ఇంతేనా యని. ఉపాధ్యాయుడు అచ్చట ఆగి, పద్యమును మరల చదివించుట మంచిది. రాజు దున్నుటయు, అందగత్తె నూలు వడకుటయు ఎవరికి ఎగతాళి? కొలువుకూటములకు అలవాటుపడిన కంటికి. ఆ కన్ను తీసివేసి చూచినచో, పని చేయక కూర్చుండి తినువాడు లేని దేశమని ఆ పద్యమే సాక్ష్యము పలుకుచున్నది. స్తుతిపద్యమేదియు పలనాటికి ఇంత మేలు చేయలేదు.

రాళ్ల మాటయు అట్టిదే. ఆ నేల అడుగున పరచుకొన్నది సున్నపురాయి. ఆ నాపరాళ్లే తరతరములుగా ఇండ్లకు అరుగులును గచ్చులును అయినవి. పిడుగురాళ్ల సున్నపుబట్టీలకును, మాచెర్ల ప్రాంతపు సిమెంటు కర్మాగారములకును అదియే ముడిసరకు.

ఇక నీరు. దప్పికతో అల్లాడి, బిచ్చమెత్తువానికి ఇద్దరు భార్యలేల, గంగను మాకు విడువుమని శివుని నిలదీసినది పలనాటనే యని ప్రతీతి. ఉత్తరపు హద్దుగా కృష్ణ పారుచుండగా ఈ దప్పిక యేమి యని విద్యార్థి అడుగవచ్చును. ఏరు లోతున, పొలము మెరకన, అదియే చిక్కు. ఆ నీరు మీదికి ఎక్కుటకు నందికొండ వద్ద ఆనకట్ట కావలసివచ్చినది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచెను. కుడికాలువ క్రింద వరి పండుట చూచినచో శ్రీనాథుడు ఏ పద్యము చెప్పియుండెడివాడో!

ఆయన వినినచో నవ్వదగిన విషయము మరొకటి కలదు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పలనాడు జిల్లాలో కొండవీడు కూడ చేరినది.

ఇంతగా విసిగినవాడు ఆ సీమను విడిచి ఊరకుండెనా? ‘పలనాటి వీరచరిత్రము’ శ్రీనాథుని పేరనే ప్రసిద్ధము. కర్తృత్వమును గూర్చి పండితులలో వాదములు కలవు. అక్కిరాజు ఉమాకాంతము 1911లో దానిని అచ్చువేయించెను. నైషధమున సంస్కృత సమాసములు గుప్పించినవాడు ఇచ్చట జనులు పాడుకొను మంజరీ ద్విపదను పట్టినాడు. కార్యమపూడిలో నేటికిని కార్తిక అమావాస్య నుండి అయిదు దినములు వీరుల తిరునాళ్ల జరుగును. ఆయుధములకు నాగులేటి నీటిలోనే స్నానము. బ్రహ్మనాయుడు కులభేదము లేక ఒకే చాపపై అందరకు పెట్టించెనను చాపకూడును ఆ దినములలోనే మరల వడ్డింతురు.

కడపటి రోజులలో శ్రీనాథుడు కృష్ణ యొడ్డున బొడ్డుపల్లెలో నేలను గుత్తకు తీసికొని సేద్యము చేసెనని మరియొక చాటువు చెప్పుచున్నది. పంటను వరద కొనిపోయెను. మిగిలిన నువ్వులను, పెసలను పిట్టలు తినిపోయెను. 700 టంకముల శిస్తు కట్టలేక, కాళ్లకు సంకెలలు, భుజమున నల్లరాతిగుండుతో నడివీథిని ఎండలో నిలువవలసివచ్చెను. నాగలి పట్టిన రాజును చూచి నవ్వినవాడు ఇచ్చట తానే నాగలి పట్టినాడు. ఆ పద్యములో ఏ సీమనును నిందింపలేదు. బాకీ తీరు దారి యేదని మాత్రము అడిగినాడు.