ముద్ద నడిమికి కుదిరితేనే కుండ
సారె నేర్చుకునేవారికి తొలి పరీక్ష

విద్యుత్తు సారె ఇంటికి వచ్చినంత మాత్రాన కుండ తయారు కాదు. తాతల నాటి వృత్తిని విడిచి పట్నాలకు వెళ్లి, తిరిగివచ్చి సారె ముందు కూర్చునే యువకులకు మొదటి రోజే ఈ సంగతి తెలిసివస్తుంది.

శిక్షణ సారెతో కాక మట్టితో మొదలవుతుంది. చెరువు నుంచి తెచ్చిన బంకమట్టిని ఎండబెట్టి, దంచి, జల్లించి, నానబెట్టి, తగుపాళ్లలో ఇసుక కలిపి కాళ్లతో తొక్కుతారు. ఆపై చేతులతో పిసకాలి. చిన్న రాయి గానీ, గాలిబుడగ గానీ మిగిలితే పాత్ర గోడ అక్కడే చిరుగుతుంది. ఈ పనిని చిన్నచూపు చూసినవారే తరువాత ఎక్కువగా ఇబ్బంది పడతారు.

అసలు కష్టం ముద్దను సారె నడిమికి కుదర్చడం. మోచేతులను తొడలకు ఆనించి, తడి చేతులతో ఒకవైపు నుంచి నెడుతూ పైనుంచి అదమాలి. తిరిగే మట్టి వెంట చేయి ఊగరాదు. చేయి నిలకడగా ఉంటే మట్టే దారికి వస్తుంది. ఇది కుదరకముందే బొటనవేళ్లు దించితే గోడ ఒకవైపు మందంగా, మరోవైపు పలుచగా లేచి, జానెడు ఎత్తుకు రాకమునుపే కూలుతుంది. నీరు అధికంగా వాడినా మట్టి మెత్తబడి కుంగిపోతుంది. కర్రతో తిప్పే పాత సారె వేగం తగ్గినప్పుడల్లా ఆపి మళ్లీ తిప్పవలసి ఉంటుంది. మోటారు సారెకు ఆ బాధ లేనందున కొత్తవారికి అదే మేలు.

మొదట ప్రమిదలు, చిన్న ముంతలతో సరిపెట్టుకోవాలి. గుండ్రటి అడుగు గల నీళ్ల కుండ పూర్తిగా సారెపై రాదు. మూతి, మందపాటి గోడ వరకు చేసి దారంతో కోస్తారు. కొంత ఆరిన తరువాత లోపల రాయి ఆనించి, బయట చెక్కతో తట్టి అడుగును సాగదీస్తారు. ఆ తట్టడం అలవడేందుకు నెలలు పడుతుంది. పాత్రలను నీడనే ఆరబెట్టాలి. తడి మిగిలిన పాత్ర ఆవంలో ఆవిరికి పగులుతుంది.

2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో కుమ్మరి వృత్తి ఒకటి. 5 నుంచి 7 రోజుల ప్రాథమిక శిక్షణ, రోజుకు రూ.500 భత్యం, పనిముట్లకు రూ.15 వేలు, తొలివిడతగా రూ.లక్ష వరకు 5 శాతం వడ్డీకి రుణం ఇందులో ఉన్నాయి. అయితే ఇప్పటికే స్వయంగా ఆ వృత్తి చేస్తున్న, 18 ఏళ్లు నిండినవారే అర్హులు. కుటుంబంలో ఒక్కరికే అవకాశం. అంటే పూర్తిగా కొత్తవారు ముందుగా ఊరి కుమ్మరి దగ్గర చేయి తిప్పుకోవాలి. వృత్తి చేస్తున్నవారు ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు ఖాతా వివరాలతో కామన్ సర్వీస్ సెంటర్‌లో పేరు నమోదు చేయించుకోవచ్చు.