విదేశములలో స్వల్పకాలపు పనికి అనుమతి పొందుట ఎట్లు?

మన గంజాం జిల్లావారికి సముద్రము దాటి పనికి పోవుట క్రొత్త కాదు. గోపాలపురం రేవులో స్టీమరెక్కి రంగం పోయి, నాలుగు డబ్బులు కూడబెట్టుకొని వచ్చిన పెద్దలు మనలో ఎందరో యుండిరి. 1937 ఏప్రిల్ 1వ తేదీన విడిపోవువరకు బర్మా ఇండియా పాలనలోనిదే గనుక, ఆనాడు టిక్కెట్టు ఉన్న చాలును. ఆ కాలము పోయినది. అయినను "ముందు విమానమెక్కు, కాగితాలు తరువాత చూద్దాం" అను మాట నేటికిని వినబడుచునే యున్నది. ఆ మాట నమ్మి ఇల్లు తాకట్టు పెట్టబోవు బరంపురం నేత కుటుంబములకై ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

అనుమతి ఎవరు అడుగవలెను?

దుబాయి, సౌదీ, ఖతార్ వంటి గల్ఫు దేశములలో పని అనుమతిని సాధారణముగా కూలివాడు అడుగడు. పని యిచ్చు యజమాని అక్కడి ప్రభుత్వమును అడుగును. అది వచ్చిన పిమ్మట మనకు ఉద్యోగ వీసా ఇత్తురు. వైద్య పరీక్ష జరుగును. అనుమతి ఆ యజమానికి, ఆ పనికి, ఆ గడువుకు మాత్రమే చెల్లును. గడువు తీరకముందే పొడిగించుకొనవలెను, లేదా తిరిగి రావలెను. మీరి ఉన్నచో జరిమానాయే కాక, జైలు కూడ తప్పకపోవచ్చును.

కనుక "అక్కడికి పోయిన తరువాత యజమానిని చూపెదను" అను ఏజెంటు ఇచ్చునది తరచుగా సందర్శక వీసాయే. దానితో ఊరు చూడవచ్చును గాని కూలి చేయరాదు. చేసినచో, కూలి ఎగవేసినను ఫిర్యాదు చేయ జంకవలసి వచ్చును. వస్త్ర ప్రదర్శనలకు పోవు నేతగాండ్రును ఆహ్వాన పత్రము చూపి, అమ్మకమునకు ఏ వీసా కావలెనో ఆ దేశపు కాన్సులేటులో ముందే తెలిసికొనవలెను.

మన దేశములో చేయవలసినది

పదవ తరగతి ప్యాసు కానివారి పాస్‌పోర్టు సాధారణముగా ఇ.సి.ఆర్. తరగతికి చెందును. అట్టివారు గల్ఫు దేశములు, మలేషియా మొదలగు 18 దేశములకు పనికి పోవుటకు, 1983 నాటి వలస చట్టము క్రింద ప్రభుత్వపు అనుమతి పొందవలెను. ఇది ఇ-మైగ్రేట్ అను ప్రభుత్వ పద్ధతి ద్వారా జరుగును. ఏజెంటుకు లైసెన్సు కలదో లేదో అందులోనే చూచుకొనవచ్చును. అతడు పుచ్చుకొనదగిన సేవా రుసుము 30,000 రూపాయలకును, దానిపై పన్నుకును మించరాదు. రశీదు తప్పక అడుగుడు. ప్రవాసీ భారతీయ బీమా యోజన క్రింద రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375 రూపాయలు కట్టినచో, ప్రమాదమున మరణించినను, శాశ్వతముగా అంగవైకల్యము కలిగినను 10 లక్షల వరకు బీమా లభించును.

ఒప్పందమును చదివించుకొని సంతకము చేయుడు. జీతము, పని గంటలు, బస, భోజనము, తిరుగు టిక్కెట్టు అందులో ఉండవలెను. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందముల నకళ్ళు ఒక జత ఇంటిలో ఆడవారి చేతికిచ్చి పోవుడు. కష్టము వచ్చినపుడు రాయబార కార్యాలయమునకు వ్రాయుటకు అవియే ఆధారము.

లెక్క చూచుకొనుడు

నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి లక్ష అప్పు తెచ్చినచో, నెలకు 3,000 వడ్డీ. ఆరు నెలల అనుమతిపై పోయినవానికి వడ్డీయే 18,000 అగును. అసలు అట్లే నిలిచియుండును. నెల జీతములో తిండి ఖర్చు పోగా మిగులునది ఆరు నెలలలో అసలును, వడ్డీని రెండింటిని తీర్చి, ఇంటికి కొంత చేర్చగలదా? చేర్చలేనిచో ఆ ప్రయాణము కంటె మగ్గము మేలు.

పట్టుచీర నేయుటకు పూనుకొనునపుడు నూలు ఎంత, కూలి ఎంత, చేతికి వచ్చునది ఎంత అని మనము ముందే లెక్క కట్టుదుము. విదేశపు పనికిని అదే లెక్క వేసి, కాగితము చేత పడిన పిమ్మటనే డబ్బు చేయి దాటనియ్యవలెనని మన సోదరులకు మా మనవి.