రాయి మొక్కకు చెంచా వైద్యం

"లిథాప్స్‌కు వారానికి ఒక చెంచా నీళ్లు చాలు. ఎండాకాలంలో మాత్రం పొద్దున, సాయంత్రం స్ప్రే కొట్టండి. ఎడారి మొక్క కాబట్టి మన సీమలో ఎక్కడ పెట్టినా బతుకుతుంది."

కర్నూలు, కడప మొక్కల గ్రూపుల్లో ఈ మూడు వాక్యాలు చేతులు మారుతూనే ఉంటాయి. ఎవరు రాశారో తెలీదు. రాసినవాళ్ల ఇంట్లో మొక్క బతికిందో లేదో అసలే తెలీదు. ఫలితం మాత్రం కళ్లముందే ఉంది. కాలింపాంగ్ నుంచో బెంగళూరు నుంచో కొరియర్‌లో తెప్పించుకున్న మొక్క మార్చిలో గులకరాయిలా గట్టిగా ఉండి, జూన్ వచ్చేసరికి మెత్తబడి నీరుకారిపోతుంది. "రోజూ పోస్తానే ఉండానక్కా, అయినా కుళ్లిపాయ" అంటారు. 'అయినా' కాదు తల్లీ, పోసినందుకే.

ముందు చెంచా సంగతి. లిథాప్స్ పైకి రెండు బొటనవేళ్లంత కనిపించినా కింద పొడుగాటి తల్లివేరు ఉంటుంది. చెంచా నీళ్లు ఆ వేరు దాకా పోవు. పైన అరంగుళం తడిసి, మొక్క మెడ దగ్గర చెమ్మ నిలుస్తుంది. అంటే దాహం తీరదు, కుళ్లు మాత్రం మొదలవుతుంది. నీళ్లు పోయాల్సిన కాలంలో కుండీ అడుగు రంధ్రం నుంచి కారేదాకా పోయాలి. ఆ తర్వాత మట్టి అడుగుదాకా పొడిబారేవరకు ముట్టుకోకూడదు. పొడిబారిందో లేదో అనుమానంగా ఉంటే ఇంకో నాలుగు రోజులు ఆగండి. ఆగినందుకు చచ్చిన లిథాప్స్ అరుదు.

ఇంతకీ 'పోయాల్సిన కాలం' ఏది? సందేశం రాసిన మేధావికి మొక్కకు కాలాలుంటాయన్న స్పృహే లేదు. ఈ మొక్కకు ఏడాదికి ఒక్క జత ఆకులే. మన దగ్గర సెప్టెంబరు నుంచి నవంబరు మధ్యలో ఆ జత చీలిక నుంచి పసుపో తెలుపో పువ్వు వస్తుంది. పూత అయ్యాక, చలికాలంలో, లోపల కొత్త జత తయారవుతుంది, అదీ పాత జతకు అడ్డంగా. దానికి కావలసిన నీరు మీ మగ్గులోంచి రాదు, పాత ఆకుల్లోంచి వస్తుంది. పాత ఆకులే దాని గాదె. గాదె ఖాళీ అయ్యేకొద్దీ అవి ముడతలు పడి, చివరికి కాగితంలా ఎండిపోతాయి. అలా ఎండడం రోగం కాదు, జరగాల్సిందే అది. సరిగ్గా ఈ డిసెంబరు, జనవరి నెలల్లోనే మనవాళ్లు ముడతలు చూసి కంగారుపడి చెంబు ఎత్తుతారు. పాత ఆకులు మళ్లీ ఉబ్బుతాయి, ఎండవు, కొత్త జత వాటి మధ్య ఇరుక్కుపోతుంది. ఒక్క మొక్కకు రెండంతస్తుల ఆకులు కనిపిస్తే అది బలం కాదు, ఎవరో చలికాలంలో నీళ్లు పోశారని రుజువు.

ఇక వేసవి స్ప్రే. మొక్కల్ని ఎక్కువగా చంపేది ఇదే, కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగుదాం. పగటి ఎండ ఈ మొక్కకు కొత్తేమీ కాదు. అది పుట్టిన దక్షిణాఫ్రికా, నమీబియాల్లోనూ నేల కాలుతుంది. మన దగ్గర దానికి కొత్త ఏమిటంటే, రాత్రి కూడా చల్లబడకపోవడం. చాలా ఎడారి మొక్కల్లాగే లిథాప్స్ పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లదనంలో తెరిచి గాలి పీలుస్తుంది. మే నెలలో కర్నూలులో పగలు 43, 44 డిగ్రీలు దాటుతుంది సరే, రాత్రి కూడా చాలాసార్లు 27, 28 దగ్గరే ఆగిపోతుంది. అలాంటి రాత్రుల్లో మొక్క పని మానేసి పడుకుంటుంది. వేరు నీళ్లు లాగదు. లాగని నీరు వేడి మట్టిలో నిలిస్తే బూజుకు, బ్యాక్టీరియాకు పండగ. మిద్దె మీది ట్యాంకులో మధ్యాహ్నం కాగిన నీళ్లనే స్ప్రే సీసాలో పట్టి కొట్టేవాళ్ల గురించి ఇంకేం చెప్పాలి.

కాబట్టి ఏప్రిల్ నుంచి వానలు పడి రాత్రులు చల్లబడేదాకా నీళ్లు బంద్. మొక్క కాస్త కుంగి, మట్టితో సమానంగా దిగినా పట్టించుకోకండి. సొంత నేలలోనూ అది కరువు కాలంలో అలాగే దిగిపోతుంది. వేలితో పక్కల నొక్కి చూడండి. ముడతపడ్డా గట్టిగా ఉంటే బతికే ఉంది. అడుగు మెత్తబడి గాజులా పారదర్శకంగా మారితే పోయింది, పక్క కుండీలు కాపాడుకోండి. ముడత నిజంగా దాహమయ్యేది సెప్టెంబరు, అక్టోబరులోనే. అప్పుడు పక్కలు ముడతపడితే నిండుగా పోయండి. మళ్లీ ఫిబ్రవరి చివర, పాత ఆకులు పూర్తిగా ఎండాక, ఎండలు ముదరకముందు ఒకటి రెండుసార్లు. ఏడాదికి ఇంతే లెక్క.

మరి 'మన సీమ ఎడారే కదా' అన్న మాట? కాదు. కర్నూలుకు ఏడాదికి 600 మిల్లీమీటర్లకు పైగా, కడపకు 700 దరిదాపుల్లో వాన. లిథాప్స్‌లో కొన్ని రకాలు పుట్టిన చోట 100 మిల్లీమీటర్లు కూడా కురవదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి ఇళ్లలోకి వచ్చిన ఊరిని ఎడారి అనడానికి గుండె ధైర్యం కావాలి. పైగా కడపకు అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వాన ఉంది. మిద్దె మీద వదిలేస్తే మొక్కకు ఎన్ని నీళ్లు పోయాలో ఆకాశమే తేలుస్తుంది.

ఐతే ఒక్క మాట ఒప్పుకోక తప్పదు. మచిలీపట్నం, విజయవాడల ఉక్కపోతతో పోలిస్తే మన పొడిగాలి ఈ మొక్కకు మేలే. వాన తెరిపిచ్చాక ఫిబ్రవరి దాకా ఉండే వెలుతురు, ఆరిన గాలి, చల్లబడే రాత్రులు కోస్తావాళ్లకు దొరకవు. ఆ మేరకు పుకారుకు పది మార్కులు ఇవ్వొచ్చు. మిగతా తొంభై మే నెల తీసేసుకుంటుంది.

'ఎక్కడ పెట్టినా' అన్నదాన్ని మాత్రం ఒప్పుకోలేను. హాల్లో టీవీ పక్క షోకేసులో పెట్టిన లిథాప్స్ వెలుతురు కోసం మెడ సాచి, రాయి పోలికలు పోగొట్టుకుని, పాలిపోయి నిక్కుతుంది. దాని ఆకు పైభాగమే ఒక కిటికీ. అక్కడినుంచి దిగిన వెలుగుతో లోపలి గోడల్లోని పచ్చదనం పనిచేస్తుంది. నాలుగైదు గంటల నేరుటెండ పడే తూర్పు కిటికీ దీని చోటు. పడమటి కిటికీ అద్దం వెనక ఏప్రిల్‌లో పెడితే ఉడికిపోతుంది. ఏసీ గదిలో చల్లదనం ఉన్నా కర్టెన్లు వేసి ఉంటే ఉపయోగం లేదు. ఎండ ముదిరాక మధ్యాహ్నం పలుచటి నీడ, పైన తిరిగే ఫ్యాన్ ఉంటే చాలు.

రాయి మొక్క కదా అని కడప బండ ముక్కలు, బేతంచెర్ల రాయి పొడి కుండీ నిండా నింపేవాళ్లున్నారు. రెండూ సున్నపు రాళ్లే. మన బోరు నీళ్లలోనే సున్నం దండిగా ఉంటుంది, ఇంకా పైనుంచి ఎందుకు? గ్రానైట్ క్రషర్ దగ్గర దొరికే బేబీ చిప్స్ తెచ్చి, దుమ్ము పోయేదాకా జల్లించి కడిగి మూడు పాళ్లు, ఎర్రమట్టి ఒక పాలు కలపండి. నల్లరేగడి జోలికి పోవద్దు, అది తడిస్తే ఆరదు. కుండీ నాలుగైదు అంగుళాల లోతు ఉండాలి. కొరియర్‌లో వచ్చిన కోకోపీట్‌ను వేళ్ల నుంచి పూర్తిగా దులిపేయండి. వర్మీకంపోస్టు మీ వంగ మొక్కలకు దాచుకోండి.

చిన్నాచితకా నమ్మకాలకు ఎక్కువ చోటు దండగ. ఇంట్లో గాలి శుభ్రం చేస్తుందా? నాసా 1989 నాటి ప్రయోగాలు గాలి చొరని పెట్టెల్లో, ఆకులు గుబురుగా ఉన్న మొక్కలతో చేసినవి, రెండాకుల లిథాప్స్‌కు ఆ కీర్తి అంటగట్టకండి. కంప్యూటర్ రేడియేషన్ పీల్చుకుంటుందా? లేదు. వాస్తుకు ముళ్ల మొక్క దోషమట, దీనికి ముళ్లే లేవు. రణపాల కిడ్నీలో రాళ్లకు మందని విన్న నోటితోనే 'మరి రాయి మొక్క?' అని అడుగుతున్నారు. తినే వస్తువు కాదు. దీని చుట్టమే కావాలంటే మన చేలల్లో కలుపుగా మొలిచే గలిజేరును చూడండి, రెండూ ఒకే కుటుంబం.

నీలం, ఊదా, ఇంద్రధనుస్సు రంగుల లిథాప్స్ విత్తనాల ప్యాకెట్లు ఆన్‌లైన్‌లో కనిపిస్తే డబ్బు జేబులోనే ఉంచుకోండి. ఆకాశనీలం లిథాప్స్ భూమ్మీద లేదు, ఫొటోలో రంగు మార్చినదే ఉంది. అసలు రంగులు రాళ్ల రంగులే: బూడిద, గోధుమ, ఇటుక, బూడిద కలిసిన పచ్చ. ఆ మారువేషం ఎంత గట్టిదంటే, 1811లో దక్షిణాఫ్రికాలోని ప్రీస్కా దగ్గర విలియం బర్చెల్ వింత ఆకారం గులకరాయి అనుకుని వంగి ఎత్తబోతేనే అది మొక్క అని బయటపడింది. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం నేల చూస్తూ నడిచేవాళ్లు ఆయన కష్టాన్ని అర్థం చేసుకోగలరు.

కొనేటప్పుడు విత్తనం నుంచి పెంచిన మొక్కేనా అని అడగండి. ఇలాంటి మొక్కల్ని దక్షిణాఫ్రికా కొండల మీద దొంగతనంగా తవ్వి అమ్ముకునే ముఠాలున్నాయి. ఎర్రచందనం కథ తెలిసిన కడపవాళ్లకు అది విడమరిచి చెప్పక్కర్లేదు. మే నెలలో కొరియర్ తెప్పించుకోకండి, అట్టపెట్టెలోనే ఉడుకుతుంది. సెప్టెంబరు చివర మంచిది. ఒకటి కాదు, ఒకే రకానివి రెండు కొనండి, తన పుప్పొడితో తనకు విత్తనం పట్టదు కాబట్టి. రెండూ ఒకేసారి పూస్తే మధ్యాహ్నం పువ్వు విచ్చుకున్నాక మెత్తటి బ్రష్‌తో పుప్పొడి అటూ ఇటూ మార్చండి. నెలల తర్వాత ఎండిన కాయ మీద ఒక నీటిచుక్క వేస్తే తెరుచుకుంటుంది. లోపల దుమ్ములాంటి విత్తనాలుంటాయి. వాటిని అక్టోబరులో చల్లండి. మొలక వచ్చాక మొదటి పువ్వుకు మూడేళ్లదాకా పట్టొచ్చు.