యెజ్డీ అలిగితే బతిమాలాల్సిందే!

హిందూపురం: కిక్కు కొట్టే కడ్డీతోనే గేర్లు కూడా వేసే బండి ఏదని నేటి కుర్రాళ్ళను అడిగితే తెల్లమొహం వేస్తారు. పాత యెజ్డీని అమ్ముకోలేక అట్టిపెట్టుకున్న పెద్దలకు మాత్రం అది కాలికి అలవాటైన పని. కడ్డీని లోపలికి నొక్కి వెనక్కు తిప్పితే కిక్కు, ముందుకు వాల్చితే గేరు.

మైసూరులో 1961లో జావాగా మొదలై, తర్వాత యెజ్డీ అయిన ఈ బండ్ల తయారీ 1996లో ఆగిపోయింది. 2018లో జావా, 2022లో యెజ్డీ పేర్లు తిరిగొచ్చినా అవి ఫోర్ స్ట్రోకు బండ్లు. వాటి ఇంజను సామాను పాతవాటికి పనికిరాదు.

పాతది టూ స్ట్రోకు. పెట్రోలులోనే ఆయిలు కలిపి పోయాలి. ఎక్కువైతే ప్లగ్గు మసిబారి బండి మొరాయిస్తుంది. విప్పి, ఉప్పుకాగితంతో రుద్ది బిగిస్తే సరి. సైలెన్సర్లలో మసి పేరుకుంటే లోపలి గొట్టాలు తీసి మంటలో కాల్చాలి. ఇవన్నీ ముద్దుముచ్చట్లే!

ఆయిలు కలపడం మరిస్తే మాత్రం చెలగాటమే. పిస్టను పట్టేసి వెనక చక్రం బిగుసుకుపోతుంది. పెనుకొండ దగ్గర హైవేలో వెనక లారీ ఉండగా అలా జరిగితే? బండి సంగతి అటుంచి మనిషికే ముప్పు. ఇంజను గుంజినట్టు అనిపించగానే క్లచ్చి పట్టడం ఒక్కటే ఉపాయం. అందుకే ఎరిగినవారు బంకులో ముందు ఆయిలు సీసా తీస్తారు, తర్వాతే ట్యాంకు మూత.

పాయింట్ల సందు కంటితో చూసి సరిచేసే మెకానిక్కులు తగ్గిపోయారు. డబ్బాలో పానా, జేబులో మరో ప్లగ్గు లేకుండా హిందూపురం నుంచి ధర్మవరం బయలుదేరడం సాహసమే.